పెళ్లికొడుకు పక్కనుండే స్నేహితులు ఎమర్జెన్సీ బ్యాగులో ఏమేం సర్దుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: వచ్చే నెల బెంగళూరులో, కనకపుర రోడ్డు మీద ఒక కల్యాణ మంటపంలో మీ స్నేహితుడి పెళ్లి. అబ్బాయి వాళ్లది గుంటూరు. అమ్మాయి వాళ్లు ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లు. ముందు రోజు సాయంత్రం రిసెప్షన్, మర్నాడు తెల్లవారుజామున 4:50కి ముహూర్తం. మీరు ఐదుగురూ పెళ్లికొడుకుని అంటిపెట్టుకుని ఉంటారు. ఏదైనా తేడా వస్తే ఆదుకునే సామాను ఒక బ్యాగులో సర్దాలనుకున్నారు. కానీ నెట్‌లో దొరికిన లిస్టులన్నీ సూటు, బో టై, కోటుకి గుచ్చే పువ్వు చుట్టూనే తిరుగుతున్నాయి. మన పెళ్లికి ఏం సర్దాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. భుజానికి తగిలించుకునే ఒక్క బ్యాగు చాలు. పిన్నీసులు, పంచె మీద బిగించే నాడా, సూదీ దారం, ఒక అదనపు పంచె, బ్యాండ్‌ఎయిడ్లు, ఓఆర్ఎస్, పారాసిటమాల్, చిల్లర డబ్బులు, అగ్గిపెట్టె, పవర్ బ్యాంకు. ఇవి తప్పనిసరి. మిగతావి ఉంటే మంచిది, లేకపోయినా గడుస్తుంది. ఈ సామాను అంతటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. ఆ బ్యాగు రిసెప్షన్ మొదలైన దగ్గర్నుంచి తలంబ్రాలు అయ్యేదాకా ఒక్కడి భుజానే ఉండాలి. ఆ ఒక్కణ్ణి ఫొటోలకి పిలవకూడదు.

నాది హిందూపురం. పన్నెండేళ్లుగా బెంగళూరులో పెళ్లికొడుకులకి, వాళ్లవైపు మగవాళ్లకి పంచెలు కట్టడం, పెళ్లికొడుకు గది చూసుకోవడం నా పని. కింద రాసినవన్నీ ఆ గదుల్లో నేర్చుకున్నవే.

బ్యాగు ఎందుకంత అవసరమో మీ పెళ్లి టైమింగులోనే ఉంది. బెంగళూరు పద్ధతిలో రిసెప్షన్ ముందు రోజు రాత్రి పెట్టారు కాబట్టి పది, పదకొండు దాకా మీరు సూట్లలో ఉంటారు. ముహూర్తం 4:50 అంటే అది జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. తాళి ఆ తర్వాత. ఆ క్షణానికి ముందు గణపతి పూజ, కంకణాలు, ఇంకా చాలా తంతు ఉంటుంది. మీ పురోహితుణ్ణి అడిగి చూడండి, పెళ్లికొడుకు మూడున్నరకల్లా పీటల మీద ఉండాలంటారు. అంటే రెండుంబావుకి పంచె కట్టడం మొదలవ్వాలి, ఒంటిగంటన్నరకి లేవాలి. ఆ టైములో చిక్‌పేట బట్టల బజారులో ఒక్క షట్టరు కూడా తెరిచి ఉండదు. పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు ఉన్నాయి కదా అని ధీమాగా ఉండకండి. ఊరి చివర మంటపానికి తెల్లవారుజామున వస్తాయన్న నమ్మకం లేదు, వచ్చినా పంచె నాడా తీసుకురావు. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా మీ దగ్గర ఏముంటే అదే.

పంచె. మగవాళ్ల వైపు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం దీనితోనే. పట్టు పంచెలే అనుకుని చెప్తున్నాను. మన తాతలకి మొలతాడు ఉండేది. పంచె అంచు దాని కిందకి దోపితే రోజంతా పొలంలో తిరిగినా కదిలేది కాదు. ఇప్పటి కుర్రాళ్లలో పదిమందిలో ఒకరికి కూడా మొలతాడు ఉండటం లేదు. పట్టేమో జారుతుంది. అందుకని ఒక అంగుళం వెడల్పున్న కాటన్ నాడా మనిషికి మీటరున్నర చొప్పున కొనండి, ఏ టైలరింగ్ సామాన్ల కొట్టులోనైనా దొరుకుతుంది. లోపల పొట్టి నిక్కరు వేసుకుని, పంచె రెండు కొసలూ లాగి ముడేశాక దాని మీదుగా నాడా బిగించి కట్టాలి. ఆ తర్వాత కుచ్చిళ్లు నాడా లోపలికి దోపి, పైఅంచుని ఒకసారి కిందికి మడవాలి. గోచీ వెనక్కి తీసి దోపాక అక్కడ కూడా అంతే. నాడా మడతలో దాక్కుంటుంది, బయటికి కనపడదు.

పిన్నీసు ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాను, ఎందుకంటే పట్టు పాడయ్యేది ఇక్కడే. జరీ అంచులో గుచ్చకూడదు, దారం లేచిపోతుంది. ఒక్క పొర మీద గుచ్చినా బరువుకి చిల్లు సాగుతుంది. నడుము దగ్గర మడతలన్నీ కలిసిన చోట, లోపలివైపు ఒక చిన్న కాటన్ గుడ్డముక్క ఆనించి, దానితో కలిపి నిలువుగా గుచ్చండి. ముందు ఒకటి, వెనక గోచీ దగ్గర ఒకటి, ఉత్తరీయం భుజం మీద ఒకటి. మనిషికి మూడు. మీరు ఐదుగురు, పెళ్లికొడుకు, ఆపైన ఆఖరి నిమిషంలో "బాబూ, ఒక్క పిన్నీసు ఉందా" అని వచ్చే బాబాయిలు, పిన్నులు. మూడు సైజుల్లో డజనేసి చొప్పున పెట్టుకోండి. అవన్నీ అయిపోతాయి.

అదనపు పంచె ఎందుకో ఒక పెళ్లి చెప్తాను. ఎలక్ట్రానిక్ సిటీ అవతల, నాలుగేళ్ల కిందట. తోడుపెళ్లికొడుకు కారు దిగుతున్నాడు, పంచె చెంగు డోరులో ఇరుక్కుంది. అతను చూసుకోకుండా అడుగు ముందుకేశాడు. జానెడు మేర చిరిగింది, అదీ కుచ్చిళ్ల దగ్గర. కుట్టడానికి వీలయ్యే చిరుగు కాదు. నా దగ్గర ఒక తెల్ల కాటన్ పంచె ఉంది, సన్న జరీ అంచుది. పక్కన ఉన్న వ్యానులోనే కట్టేశాను. ఏడెనిమిది నిమిషాలు పట్టింది. ఆ పంచె మా ఊళ్లో సంతలో కొన్నది, కానీ ఫొటోల్లో ఎవరికీ తేడా తెలియలేదు. కొనేటప్పుడు 9×5 అని అడగండి. పంచె తొమ్మిది మూరలు, ఉత్తరీయం ఐదు మూరలు. మీలో బాగా ఎత్తు, లావు ఉన్నవాళ్లుంటే 10×6 తీసుకోండి. పెద్దది చిన్నవాళ్లకి కట్టొచ్చు, చిన్నది పెద్దవాళ్లకి కట్టలేం.

ఇంకొకటి, ఎవరికీ ముందు తట్టదు. పంచెకి జేబు ఉండదు. ఐదు ఫోన్లు, ఐదు పర్సులు, గది తాళాలు, కారు తాళాలు ఎక్కడ పెడతారు? ఆ బ్యాగులోనే. దానికి ఒక అర ఖాళీగా ఉంచండి.

మరకలు. వీటిలో పసుపు మరక గురించి వివరంగా చెప్పాలి. జేపీ నగర్‌లో ఒక పెళ్లిలో పెళ్లికొడుకు స్నేహితుడి తెల్లటి పట్టు చొక్కా మీద, సరిగ్గా గుండెల దగ్గర, పసుపు చెయ్యి తగిలింది. కుర్రాడు కంగారుగా బాత్రూములోకి పరిగెత్తి అక్కడున్న బట్టల సబ్బు పెట్టి రుద్దాడు. పసుపు మరక కాస్తా ఎర్రగా, నెత్తురులా మారింది. పెళ్లికొడుకు నాయనమ్మ చూసి భయపడిపోయింది, ముహూర్తం ముందు ఇదేం అపశకునమని కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజానికి అందులో ఏమీ లేదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది కదా, ఇదీ అదే. సబ్బులో క్షారం ఉంటుంది, అది తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది. పులుపు తగిలితే మళ్లీ పసుపు రంగుకి వస్తుంది. భోజనాల దగ్గర్నుంచి ఒక నిమ్మచెక్క తెప్పించి, నీళ్లలో పిండి, దూది ముంచి అద్దాను. నాయనమ్మ ముందే ఎరుపు పోయి పసుపైంది. ఆవిడ "పసుపైతే శుభమే నాయనా" అని లేచి వెళ్లింది. చొక్కా మీద ఉత్తరీయం కప్పాం.

కాబట్టి పసుపు మరకకి సబ్బు పెట్టకండి. పొడి గుడ్డతో అద్ది వదిలేయండి. తర్వాత ఉతికి ఎండలో వేస్తే పసుపు దానంతటదే వెలుస్తుంది. పట్టుని మాత్రం ఎక్కువసేపు ఎండలో ఉంచకూడదు. కుంకుమ పడితే దులపండి, చేత్తో రుద్దితే లోపలికి దిగుతుంది. సాంబారు, నెయ్యి లాంటి జిడ్డు పడితే టాల్కం పౌడరు చల్లి పావుగంట ఆగి దులపండి, జిడ్డు చాలావరకు పీల్చేస్తుంది. అందుకని చిన్న పౌడరు డబ్బా, దూది, రెండు చేతిరుమాళ్లు బ్యాగులో ఉండాలి.

ఒంట్లో బాగోకపోతే. పెళ్లికొడుకు ఉపవాసం ఉంటాడు. ముందు రాత్రి రిసెప్షన్‌లో అందరితో ఫొటోలు దిగుతూ సరిగ్గా తినడు, నిద్ర రెండు గంటలు కూడా ఉండదు. ఆ మీద హోమం వేడి. కళ్లు తిరిగి పడిపోయేదాకా వచ్చిన పెళ్లికొడుకుల్ని ముగ్గుర్ని చూశాను. ముగ్గురూ పాతికేళ్ల వయసువాళ్లే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. పురోహితుల్ని ముందే మర్యాదగా అడగండి. పాలు, పండ్లు, కొబ్బరినీళ్లు తీసుకోవచ్చనే చాలామంది చెప్తారు. అడిగి పెట్టుకుంటే పీటల మీద ఇవ్వడానికి సంకోచం ఉండదు. బాసికం కట్టుకుని, మెడలో దండలతో తలెత్తి గ్లాసు తాగడం కష్టం. నాలుగు స్ట్రాలు పెట్టుకోండి. పెళ్లికొడుక్కి సుగరు ఉంటే మాత్రం ఉపవాసం గురించి వాళ్ల డాక్టరుతో మాట్లాడకుండా ఏ నిర్ణయం తీసుకోవద్దు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు. ప్యాకెట్ మీద చూసి కలపండి. పెద్దది లీటరు నీళ్లకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి ఉంటుంది. పెద్ద ప్యాకెట్టుని గ్లాసు నీళ్లలో కలిపి ఇవ్వడం తప్పు. డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు దీనికి బదులు కావు. పారాసిటమాల్ 650 ఒక షీటు పెట్టుకోండి, మాత్రకీ మాత్రకీ ఆరు గంటలు ఎడం ఉండాలి. జలుబు, తుమ్ములకి సెట్రిజిన్ ఇస్తే కొందరికి నిద్ర ముంచుకొస్తుంది, ముహూర్తం ముందు పెళ్లికొడుక్కి ఇవ్వకండి. కడుపు మంటకి ఒక యాంటాసిడ్. ఇంతే. ఇంతకుమించి మందులు పెట్టకండి, పెద్దవాళ్లకి మీ బ్యాగులోంచి మాత్రలు ఇవ్వకండి. వాళ్లు వేసుకునే మందులతో ఏది పడదో మనకి తెలియదు. పెళ్లికొడుకు నాన్నగారి బీపీ మాత్ర ఎవరి దగ్గరుందో తెలుసుకుని గుర్తుచేయండి, అది వంద రెట్లు మేలు. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం లాంటివి కనిపిస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. ముందు రోజే మంటపానికి దగ్గర్లో రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో చూసి పెట్టుకోండి.

హారతి పళ్లెం తగిలి, హోమం నిప్పురవ్వ పడి చెయ్యి కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. టూత్‌పేస్టు, ఐసు ముక్కలు వద్దు. ఉంగరాలు, కంకణాలు వెంటనే తీసేయండి, వాపు వస్తే తర్వాత రావు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు హోమం దగ్గర కూర్చుంటే పొగకి కళ్లు మండిపోతాయి. లెన్సు డబ్బా, కళ్లజోడు వెంట ఉండాలి. కొత్త బూట్లు, చెప్పులు కరుస్తాయి, మడమకి ముందే బ్యాండ్‌ఎయిడ్ వేసేయండి. గడ్డం గీసుకునేటప్పుడు తెగితే పటిక ముక్క తడిపి అద్దితే నెత్తురు ఆగుతుంది. పదిరూపాయల పటిక, తెల్ల పంచె మీద నెత్తుటి చుక్క పడకుండా కాపాడుతుంది.

డబ్బులు. యూపీఐ ఉంది కదా అనుకోకండి. తాంబూలంలో పెట్టే దక్షిణకి, మేళం వాళ్లకి, హారతి పళ్లెంలో వేయడానికి నోట్లు, నాణేలు కావాలి. మనది నూటపదహార్లు, ఐదువందల పదహార్ల లెక్క. వంద, పది, ఐదు, ఒకటి. ఆ ఒక్క రూపాయి బిళ్లే ఆ టైముకి ఎవరి దగ్గరా ఉండదు. రూపాయి బిళ్లలు యాభై, ఐదు రూపాయలవి ముప్ఫై, పది రూపాయల నోట్లు ఒక కట్ట, వందలు, ఐదువందలు కొన్ని వేరే జిప్ కవరులో పెట్టండి. ఖాళీ కవర్లు పాతిక, ఒక పెన్ను. ఈ డబ్బు పెళ్లికొడుకు నాన్నగారిదైతే ఎంత ఇచ్చారు, ఎవరికి ఎంత వెళ్లింది అని ఒక కాగితం మీద రాయండి. స్నేహితుల మధ్య, ఇంటి పెద్దల మధ్య మాట రాకుండా ఉంటుంది.

అగ్గిపెట్టె సంగతి చిన్నదే. పెళ్లిలో అగ్గిపెట్టె అడగని పురోహితుణ్ణి నేను చూడలేదు. రెండు పెట్టుకోండి, తడవకుండా కవరులో. దానితోపాటు కర్పూరం, ఒక జంధ్యం.

తాళి, మెట్టెలు, బాసికాలు, జీలకర్ర బెల్లం గిన్నె మీ బ్యాగులోకి రానివ్వకండి. అవి ఆడవాళ్ల చేతుల్లో, ఇంటి పెద్దల దగ్గర ఉండాలి. మంగళసూత్రాలు రెండు, అత్తింటిది ఒకటి, పుట్టింటిది ఒకటి. మీవైపుది ఎవరి దగ్గరుందో తెలిస్తే చాలు. వాటిని కారు డిక్కీలో పెట్టనివ్వకండి, ఒళ్లో పెట్టుకుని రావాలి. ఒక పెళ్లిలో బాసికాల పెట్టె డిక్కీలో ఉండిపోయి, డ్రైవరు పార్కింగు దొరక్క ఎక్కడో రెండు సందుల అవతల బండి ఆపి ఫోను ఆఫ్ చేసి నిద్రపోతే, ఇద్దరం చీకట్లో ఒక్కొక్క కారు అద్దంలోంచి టార్చి వేసి చూసుకుంటూ వెతికాం. ముహూర్తానికి పన్నెండు నిమిషాల ముందు దొరికింది. అప్పటినుంచి డ్రైవర్ల నంబర్లు, బండి నంబర్లు, పురోహితుడు, మేళం, ఫొటోగ్రాఫరు, మంటపం మేనేజరు, కరెంటు పనివాడి నంబర్లు కాగితం మీద రాసి బ్యాగు బయటి అరలో పెడుతున్నాను. ఫోన్లో ఉంటే చాలదు, ఫోనే చార్జింగ్ లేక పోతుంది.

రిసెప్షన్ సూట్లకి పెద్దగా ఏమీ అక్కర్లేదు. కోటు రంగు, చొక్కా రంగు బొత్తాలు, అదే రంగు దారం, నల్ల సాక్సు రెండు జతలు, బూట్లు తుడిచే స్పాంజి. టై ముడి ముందే వేసి పెట్టుకోండి.

మంటపం గదుల్లో అద్దం దగ్గర ఒకటే ప్లగ్గు ఉంటుంది, దానికోసం పదిమంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఇస్త్రీపెట్టె బ్యాగులో కాదు, గదిలో ఉంచండి. పట్టుని తిరగేసి, పైన కాటన్ తువ్వాలు వేసి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేయాలి. రబ్బరు చెప్పులు ఒక జత కూడా గదిలో ఉండాలి. మరదళ్లు బూట్లు దాచేస్తే పెళ్లికొడుకు బాత్రూముకి తడి నేల మీద వట్టికాళ్లతో వెళ్లకుండా ఉంటాడు. గొడుగు మరిచిపోకండి. కాశీయాత్రకి ఎలాగూ కావాలి. బెంగళూరులో ఏ సాయంత్రం వాన పడుతుందో చెప్పలేం.

ఇప్పుడు ఆ ఒక్కడి గురించి. వైట్‌ఫీల్డ్ వైపు ఒక పెళ్లిలో స్నేహితులు చాలా బాగా సర్దుకొచ్చారు, ట్రాలీ బ్యాగు నిండా. పీటల మీద కూర్చునేటప్పుడు పెళ్లికొడుకు పంచె వెనక గోచీ ఊడింది. బ్యాగు గదిలో ఉంది. గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి మేనమామ జేబులో ఉంది, మేనమామ కింద టిఫిన్ల దగ్గర ఉన్నాడు. పెళ్లికొడుకు ఒక చేత్తో పంచె పట్టుకునే సంకల్పం చెప్పాడు. అతని ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది. నూట యాభై మంది చూస్తున్నారు, జీవితంలో ఒక్కసారి వచ్చే ఘడియ, అతని ధ్యాసంతా పంచె మీదే. మనం బ్యాగు సర్దేది ఆ ధ్యాస పెళ్లి మీద ఉండటానికి.

అందుకని మీ ఐదుగురిలో నిదానస్తుణ్ణి, రాత్రి నిద్ర ఆపుకోగలిగినవాణ్ణి ఎంచుకోండి. ముందు రాత్రి మందు తాగనివాడై ఉండాలి. ఆ రాత్రికి మిగతావాళ్లు కూడా మానేస్తేనే మంచిది. పెళ్లికొడుకు ఫోను ఇంకొకరి దగ్గర పెట్టండి, వచ్చే ఫోన్లన్నీ అతనే ఎత్తాలి. బండ్లు, డ్రైవర్లు మూడో అతనికి. పెద్దవాళ్లకి కుర్చీలు, నీళ్లు చూడటం, వాళ్ల మాత్రలు వాళ్లకి గుర్తుచేయడం నాలుగో అతనికి. ఐదో అతను వేదిక మీదే, పెళ్లికొడుకు కనుచూపు మేరలో. బ్యాగు ఉన్నవాడు ఫొటోల్లో లేకుండా పోతాడని బాధపడకండి. తలంబ్రాలయ్యాక బ్యాగు కింద పెట్టి, అతనితో ప్రత్యేకంగా దిగండి.

ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. పెళ్లికి ముందు ఆదివారం ఐదుగురూ ఒకచోట చేరి పంచెలు కట్టుకుని మెట్లు ఎక్కి దిగండి, బాసింపట్టు వేసుకుని కింద కూర్చుని లేవండి, కారెక్కి దిగండి. ఎవరి పంచె జారుతుందో అప్పుడే తెలుస్తుంది. జారినవాళ్లకి ఇంకా పొడవైన నాడా తీసుకుని రెండు చుట్లు తిప్పి కట్టండి, మీటరున్నర దానికి చాలదు. మీ పంచెలు పట్టువా, కాటన్‌వా అన్నది ప్రశ్నలో రాయలేదు. కాటనైతే అంగుళం నాడా అక్కర్లేదు, సన్నది సరిపోతుంది. ఏవో చెప్తే ఎన్ని మీటర్లు కొనాలో లెక్క కట్టి ఇక్కడే రాస్తాను.